సుదీర్ఘ అంతరిక్ష యాత్రలు: ఏకాంతవాసం, మనసు మీద దాని భారం

నెలల తరబడి ఇరుకైన చోట, అవే నాలుగైదు ముఖాల మధ్య, అయినవాళ్ళకు అందనంత దూరంలో బతికే వ్యోమగాముల నిద్ర, ఉత్సాహం, ఏకాగ్రత, తోటివారితో పొత్తు క్రమంగా దెబ్బతింటాయి. అంతరిక్ష మనోవిజ్ఞానం దీన్ని ఏకాంతవాస ప్రభావంగా అధ్యయనం చేస్తుంది. దూర యాత్రల్లో మనిషికి ఎదురయ్యే ప్రమాదాలను నాసా ఐదుగా లెక్కగట్టింది: రేడియేషన్, ఏకాంతంతో కూడిన నిర్బంధం, భూమికి దూరం, గురుత్వాకర్షణలో మార్పు, మూసివున్న ప్రతికూల వాతావరణం. వీటిలో రెండోదీ మూడోదీ నేరుగా మనసుకు తగిలేవి. కండరాలు కరగకుండా రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామం చేయిస్తున్నారు. ఒంటరితనానికి అంత కచ్చితమైన మందు ఇంకా దొరకలేదు.

సినిమాల్లో చూపించే ఉన్మాదం వాస్తవంలో బహు అరుదు. అంతరిక్షంలో మనసు చెదరడం చాలావరకు చప్పుడు లేకుండా జరుగుతుంది. మాట తగ్గుతుంది, నిద్ర పలచబడుతుంది, చిన్న విషయానికే చిరాకు పుడుతుంది, కింద కూర్చుని ఆదేశాలిచ్చేవాళ్ళు పగవాళ్ళలా తోస్తారు. ఇప్పటివరకు వ్యోమగాములను కాపాడుకొచ్చింది వాళ్ళ గుండెదిటవు ఎంతో, భూమితో తెగని సంబంధం కూడా అంతే. అంగారక యాత్రలో మొట్టమొదట తెగేది ఆ సంబంధమే. ఈ రంగంలో జరిగిన యాభై అరవై ఏళ్ళ పరిశోధనను ఆ కోణం నుంచి చూడాలి.

మంచు ఖండం నేర్పిన పాఠాలు

రాకెట్లు పుట్టకముందే ఈ సమస్య ధ్రువ ప్రాంతాల్లో బయటపడింది. 1898 మార్చిలో బెల్జియం నౌక 'బెల్జికా' అంటార్కిటికా దగ్గరి సముద్రపు మంచులో ఇరుక్కుపోయి ఏడాదిపాటు కదల్లేదు. రెండు నెలలకు పైగా సూర్యుడు కనిపించలేదు. నాయకుడు అద్రియాన్ ద జెర్లాష్ సైతం మంచం పట్టాడు, నావికుల్లో మతి చలించినవారూ ఉన్నారు. నౌక వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ వాళ్ళకు పెంగ్విన్ మాంసం తినిపించాడు, రోజూ కొంతసేపు బట్టలు విప్పించి మంట వెలుతురు ముందు నిలబెట్టాడు. కుంగుబాటుకు ఇవాళ ఇస్తున్న కాంతి చికిత్సకు అది పూర్వరూపమని చెప్పవచ్చు. తర్వాతి కాలంలో దక్షిణ ధ్రువాన్ని తొలిసారి చేరిన రోఆల్డ్ అమున్సెన్ అప్పుడు ఆ నౌకలో అధికారిగా ఉన్నాడు.

ఇప్పుడు అంటార్కిటికా స్థావరాలు అంతరిక్ష సంస్థలకు ప్రయోగశాలలు. ఫ్రాన్స్, ఇటలీ కలిసి నడిపే కాంకోర్డియా సముద్రమట్టానికి 3,200 మీటర్ల ఎత్తున ఉంది. శీతాకాలంలో దాదాపు తొమ్మిది నెలలు అక్కడికి విమానం రాదు, ఎవరికి ఏ జబ్బు చేసినా బయటికి తీసుకెళ్ళలేరు. ఆ లెక్కన 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి ఇంటికి రావడమే సులువు. యూరప్ అంతరిక్ష సంస్థ ఏటా ఒక వైద్యుణ్ణి కాంకోర్డియాలో ఉంచి పరిశోధన చేయిస్తోంది.

జర్మనీ స్థావరం నోయ్‌మాయర్‌లో 14 నెలలు గడిపిన తొమ్మిది మంది మెదడును పరిశీలించిన శాస్త్రవేత్తలు 2019లో ఒక ఫలితం ప్రకటించారు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లోని ఒక భాగం వాళ్ళలో సగటున 7 శాతం కుంచించుకుపోయింది. తొమ్మిది మంది అంటే చిన్న గుంపే. అయినా ఒకే దృశ్యం, అవే ముఖాలు, కొత్తదనం లేని రోజులు మెదడు కణజాలం దాకా వెళ్ళగలవని చూపిన అధ్యయనం కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ధ్రువ అనుభవం నుంచే 'మూడో పాదం' అనే ఊహ కూడా వచ్చింది. 1991లో బెక్టెల్, బెర్నింగ్ అనే పరిశోధకులు దీన్ని ప్రతిపాదించారు. యాత్ర ఎన్ని నెలలదైనా సరే, సగం గడిచాక వచ్చే మూడో పావులోనే మనుషులు ఎక్కువగా డీలాపడతారని దాని సారాంశం. సగం అయిపోయిందన్న సంబరం తీరాక, ఇంకా అంతే మిగిలి ఉందన్న నిజం మీద పడుతుంది. వినడానికి ఇది ఎంత సహజంగా ఉన్నా, అంతరిక్ష కేంద్రాల్లో అమెరికా మనోవైద్యుడు నిక్ కానస్ బృందం చేసిన అధ్యయనాల్లో అలాంటి స్పష్టమైన దశ కనిపించలేదు. భూమి నుంచి సరుకులు, ఉత్తరాలు, అతిథులు వస్తూ ఉండటం ఆ దిగులును చెదరగొట్టి ఉండవచ్చు.

సోవియట్ కేంద్రాలు, స్కైల్యాబ్

మనిషిని భూమి మీదే మూసిపెట్టి చూసే పని సోవియట్ శాస్త్రవేత్తలు ముందే మొదలుపెట్టారు. 1967 నవంబరు 5న మాస్కోలో ఒక వైద్యుడు, ఒక జీవశాస్త్రవేత్త, ఒక ఇంజనీరు ఒక గదిలోకి వెళ్ళారు. సరిగ్గా ఏడాదికి, 1968 నవంబరు 5న బయటికి వచ్చారు. మానొవ్‌త్సెవ్, బొఝ్‌కో, ఉలీబిషెవ్ వాళ్ళ పేర్లు. పీల్చిన గాలినీ వాడిన నీటినీ శుద్ధి చేసుకుని మళ్ళీ వాడుకోవాలి, ముగ్గురూ ఒకరినొకరు భరించాలి. అన్నిటికన్నా కష్టమైంది ఆ ఆఖరిదేనని బొఝ్‌కో రాసుకున్న డైరీ వల్ల తెలుస్తుంది. లోపల ఏర్పాటు చేసిన చిన్న తోట మాత్రం వాళ్ళకు పెద్ద ఊరట అయింది.

నిజమైన కక్ష్యలో ఈ పాఠాలన్నీ మళ్ళీ ఎదురయ్యాయి. 1976లో సల్యూత్-5కు వెళ్ళిన వొలీనొవ్, ఝొలొబొవ్ అనుకున్నదానికంటే ముందే, 49వ రోజున తిరిగొచ్చారు. కేంద్రంలో ఘాటు వాసన వస్తోందని వాళ్ళు చెప్పారు. ఝొలొబొవ్ అనారోగ్యం, మానసిక ఒత్తిడి, ఇద్దరి మధ్య పొసగకపోవడం కారణాలని తర్వాత రాసినవాళ్ళు ఉన్నారు. ఇలాంటి ఘటనల్లో ఒంటి జబ్బు ఎక్కడ ఆగింది, మనసు జబ్బు ఎక్కడ మొదలైంది అన్నది ఇప్పటికీ విడదీయలేకపోతున్నాం.

1982లో సల్యూత్-7లో 211 రోజులు గడిపిన వాలెంతిన్ లెబెదెవ్ డైరీ ఈ రంగంలో అతి విలువైన పత్రం. సహచరుడు అనతొలీ బెరెజొవొయ్‌తో పొసగని రోజులు, మాటల్లేకుండా గడిచిన పూటలు, కారణం తెలియకుండా పొడుచుకొచ్చే చిరాకు, అది బయటపడకుండా నొక్కిపెట్టుకోవడానికి పడిన పాట్లు అందులో ఉన్నాయి. ఇద్దరూ శిక్షణ పొందినవాళ్ళు, పని తెలిసినవాళ్ళు, దేశం మెచ్చినవాళ్ళు. ఎవరిలోనూ లోపం లేకపోయినా ఏడు నెలల ఇరుకుతనం అలా చేసింది. ఆ రోజుల్లో లెబెదెవ్‌కు అత్యంత ఇష్టమైన పని మొక్కలు చూసుకోవడం. ఆ యాత్రలోనే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క, అంతరిక్షంలో తొలిసారిగా, పూసి గింజ కట్టింది. శాస్త్ర చరిత్ర దాన్ని వృక్షశాస్త్ర విజయంగా నమోదు చేసింది. ఆ మొక్క ఒక మనిషిని నిలబెట్టిందన్న సంగతికి కూడా అందులో అంతే చోటు ఉండాలి.

అమెరికా వైపు ఎక్కువగా చెప్పుకునే కథ స్కైల్యాబ్ అంతరిక్ష కేంద్రపు చివరి బృందానిది. జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్ 1973 నవంబరు నుంచి 84 రోజులు అక్కడున్నారు. ముగ్గురికీ అదే తొలి యాత్ర. అంతకుముందు బృందం నెలల అలవాటుతో అందుకున్న వేగాన్ని వీళ్ళ మీద మొదటి రోజు నుంచే రుద్దారు. నిమిషం నిమిషానికీ పని, భోజనం తర్వాత కూడా తీరిక లేదు. డిసెంబరు 30న వాళ్ళు కంట్రోల్ రూముతో మనసు విప్పి మాట్లాడారు. నిత్యకృత్యాలను వీలున్నప్పుడు చేసుకునే జాబితాగా మార్చి, కొంత తీరిక ఇచ్చాక పని బాగా పుంజుకుంది. తర్వాత పత్రికలు దాన్ని 'అంతరిక్షంలో సమ్మె'గా మార్చేశాయి. సమ్మె ఏదీ జరగలేదని వ్యోమగాములూ, నాసా చరిత్రకారులూ చెప్పారు. అయినా ఆ కట్టుకథ దశాబ్దాలు నిలిచింది, తమ అలసట చెప్పుకున్న ముగ్గురు నిజాయితీపరులకు తిరుగుబాటుదారులన్న పేరు మిగిలింది. ఆ ముగ్గురిలో ఎవరూ మళ్ళీ అంతరిక్షానికి వెళ్ళలేదు.

కింద ఉన్నవాళ్ళ మీద కోపం వ్యోమగాముల్లో అంత మామూలుగా కనిపిస్తుంది కాబట్టి దానికి మనోవైద్యులు ఒక వివరణ ఇచ్చారు. బృందంలో ఒకరి మీద కలిగిన చిరాకును పక్కనున్న మనిషి మీద చూపిస్తే బతుకు దుర్భరమవుతుంది. అందుకే అది కనబడని కంట్రోల్ రూము మీదికి మళ్ళుతుంది. కానస్ బృందం రష్యా కేంద్రం మీర్‌లోనూ అంతర్జాతీయ కేంద్రంలోనూ ఈ ధోరణిని గుర్తించింది.

భాష, సంస్కృతి, కబురు

ఒంటరితనానికి పక్కన మనిషి లేకపోనక్కర్లేదు. 1995లో మీర్‌లో 115 రోజులు గడిపిన తొలి అమెరికన్ నార్మన్ థగార్డ్ చుట్టూ మనుషులున్నారు, తన భాష మాట్లాడేవాళ్ళు లేరు. తన దేశంవాళ్ళతో మాట్లాడకుండా కొన్నిసార్లు మూడు రోజులు గడిచిపోయేవి. అన్నిటికంటే బాధించింది సాంస్కృతిక ఏకాంతమేనని తిరిగొచ్చాక ఆయన చెప్పారు. ఆ తర్వాత నాసా తనవాళ్ళు మాట్లాడే వేళల్ని పెంచింది.

స్త్రీల విషయంలో ఇంకో చేదు అనుభవం 1999-2000లో మాస్కోలో జరిగిన మూసిన గది ప్రయోగంలో ఎదురైంది. కొత్త సంవత్సరపు రాత్రి ఇద్దరు రష్యన్ సభ్యులు రక్తం వచ్చేలా కొట్టుకున్నారు. కెనడా శాస్త్రవేత్త జూడిత్ లాపియెర్‌ను కమాండర్ బలవంతంగా ముద్దు పెట్టుకున్నాడు. జపాన్ సభ్యుడు నిరసనగా బయటికి వచ్చేశాడు. నిర్వాహకులు ఇదంతా సంస్కృతుల మధ్య అపార్థమన్నారు. లాపియెర్ ఆ మాట ఒప్పుకోలేదు, ఆమెదే న్యాయం. వేధింపుకు సంస్కృతి సాకు కాకూడదు. మూసిన తలుపుల వెనక ఫిర్యాదు చేయడానికి కూడా ఎవరూ లేని చోట ఇది రెండింతల నేరం.

ఇంటి నుంచి వచ్చే కబురు కూడా కష్టమే. 1977-78లో సల్యూత్-6లో 96 రోజులున్న గ్యోర్గి గ్రెచ్‌కోకు తండ్రి మరణవార్త నేల మీదికి వచ్చాకే చెప్పారు. 2007 డిసెంబరులో డేనియల్ టానీ తల్లి కారును రైలు ఢీకొని ఆమె మరణించింది. అప్పుడు ఆయన అంతర్జాతీయ కేంద్రంలో ఉన్నారు, వార్త వెంటనే చెప్పారు. షటిల్ ఆలస్యం కాకుంటే ఆయన అప్పటికి ఇంటికి చేరేవారు. రాగలిగింది ఫిబ్రవరిలో. 2001 సెప్టెంబరు 11 దాడుల రోజున కేంద్రంలో ఉన్న ఏకైక అమెరికన్ ఫ్రాంక్ కల్బర్ట్‌సన్ కిటికీలోంచి న్యూయార్క్ పొగను చూశారు. పెంటగాన్ మీద కూలిన విమానం పైలట్ తన నౌకాదళ కళాశాల సహాధ్యాయి అని ఆ తర్వాత తెలిసింది. 1991 మేలో సోవియట్ పౌరుడిగా మీర్‌కు వెళ్ళిన సెర్గెయ్ క్రికల్యోవ్ 311 రోజుల తర్వాత దిగేసరికి ఆ దేశమే లేదు. దాచాలా, చెప్పాలా అన్న ప్రశ్నకు ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే జవాబు ఒకటుంది: చెడ్డ వార్త ఎలా అందాలో యాత్రకు ముందే వ్యోమగామిని అడిగి ఉంచుకోవాలి.

మార్స్-500

ఇంతవరకు జరిగిన పెద్ద భూతల ప్రయోగాల్లో ఒకటి మాస్కోలోని వైద్య-జీవశాస్త్ర సమస్యల సంస్థలో జరిగింది. 2010 జూన్ 3న ముగ్గురు రష్యన్లు, ఇద్దరు యూరోపియన్లు, ఒక చైనీయుడు కిటికీల్లేని గొట్టాల్లాంటి గదుల్లోకి వెళ్ళి 520 రోజుల తర్వాత, 2011 నవంబరు 4న బయటికొచ్చారు. మధ్యలో అంగారకుడి మీద దిగినట్టు నటించారు. సంభాషణల్లో కృత్రిమంగా ఆలస్యం పెట్టారు.

ఎవరూ మధ్యలో మానుకోలేదు కనుక ప్రయోగం విజయమైందని వార్తలొచ్చాయి. పరిశోధకుడు మాథియాస్ బాస్నర్, ఆయన సహచరులు 2013, 2014లో ప్రచురించిన లెక్కలు ఇంకొంత లోతుకు తీసుకెళ్తాయి. నెలలు గడిచేకొద్దీ సభ్యులు కదలడం తగ్గించారు, ఎక్కువసేపు పడుకున్నారు, విశ్రాంతిలోనే పొద్దు పుచ్చారు. ఆరుగురిలో నలుగురికి నిద్రకు సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ఒకరికి కుంగుబాటు లక్షణాలు దాదాపు యాత్ర అంతా ఉన్నాయి. అత్యంత ఒత్తిడికి, అలసటకు గురైన ఇద్దరి చుట్టూనే 85 శాతం ఘర్షణలు తిరిగాయి. తమలో తాము గొడవపడినదానికి ఐదు రెట్లు కంట్రోల్ రూముతో గొడవపడ్డారు. ఇంకో ఇద్దరు మాత్రం 17 నెలలూ చెక్కుచెదరకుండా ఉన్నారు.

ఈ చివరి వాక్యం చాలా ముఖ్యమైంది. ఒకే గది, ఒకే తిండి, ఒకే కాలం, అయినా మనిషికీ మనిషికీ అంత తేడా. ఎవరు తట్టుకుంటారో ముందే చెప్పగల పరీక్ష కోసం అంతరిక్ష సంస్థలు వెతుకుతున్నాయి. జపాన్ సంస్థ ఒకసారి తన అభ్యర్థులను వారంపాటు మూసిపెట్టి, వెయ్యి కాగితపు కొంగలు మడిచే పని ఇచ్చింది. చివరి కొంగ కూడా మొదటి కొంగంత శ్రద్ధగా ఉందా అన్నది చూశారు.

నిద్ర, మెదడు, కిటికీ

అంతరిక్ష కేంద్రం రోజుకు 16 సార్లు భూమిని చుట్టివస్తుంది, కాబట్టి 16 సూర్యోదయాలు, 16 సూర్యాస్తమయాలు. యంత్రాల హోరు, వెలుతురు, అత్యవసర పనులు దానికి తోడు. 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం అక్కడి వ్యోమగాములు సగటున రాత్రికి 6 గంటలే నిద్రపోయారు. షెడ్యూలు ఇచ్చిన సమయం ఎనిమిదిన్నర గంటలు. నలుగురిలో ముగ్గురు నిద్రమాత్రలు వాడారు. 437 రోజులు వరుసగా మీర్‌లో గడిపి నేటికీ రికార్డు నిలుపుకున్న వైద్యుడు వలేరీ పొల్యకొవ్‌కు మానసికంగా ఒడుదొడుకులు తొలి మూడు వారాల్లోనూ, నేలకు తిరిగొచ్చాక రెండు వారాల్లోనూ కనిపించాయి. నడుమ స్థిరంగా ఉన్నారు. 340 రోజుల తర్వాత దిగిన స్కాట్ కెల్లీకి ఆలోచన వేగం, కచ్చితత్వం తగ్గాయి, ఆరు నెలలైనా పూర్తిగా సర్దుకోలేదు. ఆయన్ను కవల సోదరుడితో పోల్చిన అధ్యయనం 2019లో వచ్చింది.

మేలు చేసేవి కూడా ఉన్నాయి, వాటిని వదిలేస్తే చిత్రం అబద్ధమవుతుంది. తీరిక దొరికితే వ్యోమగాములు ఎక్కువగా చేసే పని కిటికీ దగ్గర చేరి భూమిని ఫొటోలు తీయడం. కలిసి భోంచేయడం, పండగలు జరుపుకోవడం, వారానికోసారి కుటుంబంతో వీడియోలో మాట్లాడటం, రెండు వారాలకోసారి మనస్తత్వవేత్తతో ఏకాంత సంభాషణ, సరుకు నౌకలో ఇంటి నుంచి వచ్చే పార్సిలు, 2015 నుంచి అక్కడే పండించి తిన్న లెట్యూస్ ఆకు, ఇవన్నీ బాగా పనిచేస్తున్నాయి. ఊహించనిది మీద పడ్డప్పుడు కూడా ఇవే నిలబెట్టాయి. ఆరు నెలలకని వెళ్ళిన ఫ్రాంక్ రూబియో, నౌకలో శీతలద్రవం కారిపోవడంతో 371 రోజులు ఉండాల్సి వచ్చింది. ఏడాది పడుతుందని ముందే తెలిస్తే కుటుంబం కోసం ఒప్పుకునేవాణ్ణి కానని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ వారం పది రోజులకని 2024 జూన్‌లో వెళ్ళి 286 రోజులు గడిపారు.

ఈ సాధనాలన్నీ భూమి దగ్గరుంటేనే పనికొస్తాయి. అంగారకుడి దాకా వెళ్తే ఒక మాట చేరడానికి, గ్రహాల స్థానాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబుకు మళ్ళీ అంతే. ఫోన్ సంభాషణ ఉండదు, రాసి పంపి ఎదురుచూడాలి. సరుకు నౌక రాదు. కిటికీలో భూమి ఒక చుక్కగా మారుతుంది. పుట్టిన గ్రహం కంటికి దూరమైతే మనిషికి ఏమవుతుందో ఇంతవరకు ఎవరూ అనుభవించలేదు. మనసు చెదిరిన సభ్యుణ్ణి మందుతో, కట్లతో అదుపులో పెట్టే సూచనలు నాసా వైద్య పుస్తకంలో ఉన్నాయి. రెండున్నర మూడేళ్ళ యాత్రలో అవి ఏ మూలకు?

హ్యూస్టన్‌లో త్రీడీ ప్రింటర్‌తో అచ్చువేసిన 1,700 చదరపు అడుగుల ఇంట్లో నలుగురు 2023 జూన్ నుంచి 378 రోజులు అంగారక జీవితం గడిపారు. రెండో బృందం 2025 అక్టోబరులో లోపలికి వెళ్ళింది. ఈ ప్రయోగాలు అవసరమే. అయితే కష్టం వస్తే తలుపు తీసి బయటికి రావచ్చని వాళ్ళకు తెలుసు, ఆ తేడా ప్రయోగశాలలో పూడేది కాదు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి వ్యోమగాముల మౌనం. కుంగుబాటు ఒప్పుకుంటే మళ్ళీ ఎగరనివ్వరన్న భయం అర్థం చేసుకోదగ్గదే, అందుకు తగ్గ కారణాలూ చరిత్రలో ఉన్నాయి. దానివల్ల మన దగ్గరున్న లెక్కలన్నీ అసలుకంటే తక్కువే చూపిస్తాయని అనుమానించాలి.

భారతదేశానికి సంబంధించి

మన వ్యోమగాములను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ తొలి యాత్ర మూడు రోజులది. అంతర్జాతీయ కేంద్రంలో 2025లో 18 రోజులున్న శుభాంశు శుక్లా, 1984లో ఎనిమిది రోజులు వెళ్ళివచ్చిన రాకేశ్ శర్మ అనుభవాలు కూడా ఈ సమస్య అంచును తాకవు. ఆరు నెలల వాసం తెలిసిన వ్యోమగాముల్లో, హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన తండ్రికి పుట్టిన రాజా చారి ఒకరు. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం కట్టాలని భారతదేశం నిర్ణయించుకుంది కాబట్టి నెలల తరబడి ఉండే మనవాళ్ళు త్వరలోనే ఉంటారు. లడఖ్‌లో లేహ్ దగ్గర 2024లో ఇస్రో సహకారంతో ఏకాంతవాస ప్రయోగం మొదలైంది. అంతకంటే పాత గని అంటార్కిటికాలో ఉంది: 1989 నుంచి మైత్రిలో, 2012 నుంచి భారతిలో శీతాకాలాలు గడిపిన భారతీయుల అనుభవం. ఆ అనుభవాన్ని క్రమపద్ధతిలో సేకరించి గగన్‌యాన్ వైద్య బృందానికి అందించాలి. అంతకన్నా ముందు, మానసిక ఇబ్బంది చెప్పుకున్నంత మాత్రాన వ్యోమగామికి తర్వాతి అవకాశం పోదని ఇస్రో రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.